మూడు గీతల నుంచి భూకంప కేంద్రాన్ని కనిపెట్టడం ఎలా?

భూకంపం వచ్చిన కాసేపటికే వార్త వచ్చేస్తుంది: కేంద్రం ఫలానా చోట, లోతు ఇన్ని కిలోమీటర్లు, రిక్టర్ స్కేలుపై ఇంత. అప్పటికి అక్కడికి ఎవరూ వెళ్లి ఉండరు. భూమి లోపలికి తొంగి చూసేవాళ్లు అసలే లేరు. ఎక్కడెక్కడో ఉన్న యంత్రాలు గీసిన వంకర గీతలే శాస్త్రజ్ఞుల దగ్గరున్న ఆధారమంతా. ఆ గీతల్లోంచి కేంద్రాన్ని బయటికి లాగడం అసలు కష్టం కాదు. ఒక గ్రాఫ్ కాగితం, వృత్తలేఖిని, స్కేలు, క్యాలిక్యులేటర్ పెట్టుకుని ఒక సాయంత్రం కూర్చుంటే మీరే చేయొచ్చు. భూఫలకాల (భూమి పైపెంకు విడిపోయిన పెద్ద పెద్ద పలకలు) గురించి పది పేజీలు చదివినా అర్థం కానిది ఈ పని చేతితో చేస్తే అర్థమవుతుందని నా నమ్మకం. అందుకే ఫలకాల పాఠంతో కాకుండా గీతలతో మొదలుపెడుతున్నాను.

దీని వెనకున్న ఆలోచన మీకు ఇప్పటికే తెలుసు. మెరుపు మెరిశాక ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెడతాం. మూడు సెకన్లయితే పిడుగు ఒక కిలోమీటరు దూరంలో పడినట్టు. వెలుగు వేగంగా వస్తుంది, శబ్దం నెమ్మదిగా వస్తుంది, వాటి మధ్య ఎడం, అంటే వ్యవధే, దూరం చెబుతుంది. భూకంపం కూడా ఇలా రెండు కబుర్లు పంపుతుంది. కాకపోతే ఇక్కడ రెండో కబురుకే కాదు, మొదటి కబురుకూ దారిలో టైమ్ పడుతుంది.

మొదటిది పి తరంగం. శబ్దం లాగే ముందుకు నొక్కుతూ వెనక్కి లాగుతూ వస్తుంది. భూమి పై పొరలో దీని వేగం సెకనుకు సుమారు 6 కి.మీ. రెండోది ఎస్ తరంగం. తాడు చివర పట్టుకుని ఊపితే అల పాకినట్టు, రాతిని అటూ ఇటూ ఊపుతూ వస్తుంది. దీని వేగం సుమారు 3.5 కి.మీ. ద్రవాల్లోంచి ఎస్ తరంగం పోలేదు. భూమి నడిబొడ్డు చుట్టూ ఉన్న బయటి కేంద్రమండలం ద్రవమని తెలిసింది ఈ గుణం వల్లే. ఈ తరంగాలను అసలైన గీతల్లో మొదట విడదీసి చూపిన రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ భారత భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన మనిషి. 1897 జూన్ 12న షిల్లాంగ్ పీఠభూమిని కుదిపేసిన భూకంపం మీద చాలా కాలం పనిచేశాడు. అది ఐరోపాలోని యంత్రాల మీద గీసిన గీతల్లో మూడు రకాల కదలికలు (పి, ఎస్, నేల పైపైన పాకే అలలు) వేర్వేరుగా ఉన్నాయని గుర్తించాడు.

1. గీతలో రెండు చోట్లు గుర్తించండి

యంత్రం గీసిన గీతను సీస్మోగ్రామ్ అంటారు. దాన్ని ఎడమ నుంచి కుడికి చదవాలి. మొదట గీత సన్నగా వణుకుతూ ఉంటుంది. అది భూకంపం కాదు. సముద్రపు అలలు, గాలి, వాహనాలు నేలను ఎప్పుడూ కదుపుతూనే ఉంటాయి. ఆ వణుకులోంచి ఒక్కసారిగా గీత ఎగిరిన చోట పి వచ్చినట్టు. అక్కడ పెన్సిలుతో ఒక నిలువు గీత పెట్టండి. తర్వాత కొంతసేపు చిన్న చిన్న ఊపులు కొనసాగి, ఉన్నట్టుండి ఊపు పెద్దదై, దాని నడక నెమ్మదిస్తుంది. అది ఎస్. అక్కడ ఇంకో గీత.

తప్పులన్నీ జరిగేది ఈ రెండో గీత దగ్గరే. కొత్తవాళ్లు గీత అన్నిటికన్నా ఎత్తుకు ఎగిరిన చోట గుర్తు పెడతారు. ఎస్ మొదలైన చోటు కావాలి గానీ అది శిఖరానికి చేరిన చోటు కాదు. పైగా ఎస్ వచ్చేసరికి పి తోక ఇంకా ఊగుతూనే ఉంటుంది, ఎస్ మొదలు అందులో దాక్కుంటుంది. ఈ యంత్రాలుండే మంచి స్టేషన్లలో నేల కదలికను మూడు దిక్కుల్లో విడివిడిగా రాస్తారు: కిందికీ పైకీ ఒకటి, ఉత్తర దక్షిణాలకు ఒకటి, తూర్పు పడమరలకు ఒకటి. మూడూ చేతిలో ఉంటే పి కోసం మొదటిది, ఎస్ కోసం మిగతా రెండూ చూడండి. కింది నుంచి వచ్చే పి నేలను పైకి పొడుస్తుంది, ఎస్ పక్కలకు ఊపుతుంది, అందుకే ఈ పద్ధతి పనిచేస్తుంది. అప్పటికీ అనుమానంగా ఉంటే రెండు అంచనాలూ రాసుకుని ముందుకు పోండి. వృత్తాలు గీశాక ఏది తప్పో కాగితమే చెబుతుంది.

2. ఎడాన్ని దూరంగా మార్చండి

వంద కిలోమీటర్లు రావడానికి పికి 100 ÷ 6, అంటే 16.7 సెకన్లు పడుతుంది. ఎస్‌కు 100 ÷ 3.5, అంటే 28.6 సెకన్లు. తేడా దాదాపు 12 సెకన్లు. కాబట్టి పికీ ఎస్‌కూ మధ్య 12 సెకన్లుంటే భూకంపం 100 కి.మీ. దూరంలో పుట్టింది. 24 ఉంటే 200 కి.మీ. నోటి లెక్క కావాలంటే ఎడాన్ని ఎనిమిదితో గుణించండి, కొంచెం తక్కువొచ్చినా పని జరుగుతుంది.

కొన్ని వందల కిలోమీటర్ల వరకే ఈ సూత్రాన్ని నమ్మొచ్చు. అంతకన్నా దూరం నుంచి వచ్చే తరంగాలు పై పొరను వదిలి దాని కిందున్న ప్రావారంలోకి దిగి, అక్కడ వేగం పుంజుకుని, వంపు తిరిగి పైకి వస్తాయి. వాటికి ప్రయాణ కాలాల పట్టికలు వేరే ఉన్నాయి.

అభ్యాసం కోసం నేను కల్పించిన లెక్క ఒకటి ఇస్తున్నాను. మూడు స్టేషన్లు: క, గ, చ.

క దగ్గర పి వచ్చింది 10:15:20కి, ఎస్ 10:15:32కి.
గ దగ్గర పి 10:15:28కి, ఎస్ 10:15:46కి.
చ దగ్గర పి 10:15:45కి, ఎస్ 10:16:15కి.

ఎడాలు 12, 18, 30 సెకన్లు. దూరాలు 100, 150, 250 కి.మీ. ఇవి మీరే ఒకసారి వేసి చూసుకోండి.

3. వృత్తాలు గీయండి

ఒక్క స్టేషన్ దూరం చెబుతుంది గానీ దిక్కు చెప్పదు. క నుంచి వంద కిలోమీటర్లంటే క చుట్టూ ఉన్న వృత్తం మీద ఎక్కడైనా కావచ్చు. రెండో వృత్తం గీస్తే రెండు చోట్ల కోసుకుంటాయి. ఆ రెండింటిలో ఏదో తేల్చేది మూడోది.

గ్రాఫ్ కాగితం మీద 1 సెం.మీ. అంటే 20 కి.మీ. అనుకోండి. ఎడమ కింది మూలను సున్నాగా తీసుకుని, కుడివైపు 7, పైకి 8 సెం.మీ. దగ్గర క పెట్టండి. కుడికి 16, పైకి 7.5 దగ్గర గ. కుడికి 2.5, పైకి 22 దగ్గర చ. ఇప్పుడు క చుట్టూ 5 సెం.మీ., గ చుట్టూ 7.5 సెం.మీ. వ్యాసార్ధంతో వృత్తాలు గీయండి. పైన (10, 12) దగ్గర ఒకసారి, కింద (9.5, 3.7) దగ్గర ఇంకోసారి కోసుకుంటాయి. చ నుంచి 12.5 సెం.మీ. వ్యాసార్ధంతో చాపం గీస్తే పైదాని గుండా పోతుంది, కిందిదాని ఛాయలకు కూడా రాదు. మీ భూకంపం (10, 12) దగ్గరుంది.

నేను మొదటిసారి గీసినప్పుడు మూడు వృత్తాలూ ఎక్కడా కలవలేదు. గంటసేపు పి, ఎస్ గుర్తులనే అనుమానించాను. తీరా చూస్తే కిలోమీటర్లను సెంటీమీటర్లుగా మార్చడంలో ఒకచోట 20కి బదులు 25తో భాగించాను. వృత్తాలు కలవకపోతే ముందు స్కేలు చూసుకోండి.

నిజమైన గీతలతో చేస్తే మూడు వృత్తాలూ ఒకే చుక్కలో కలవడం దాదాపు జరగదు. మధ్యలో ఒక చిన్న ముక్కోణం మిగులుతుంది. ఇది మీ చేతకానితనం అనుకోకండి, దానికి చాలావరకు కారణం లోతు. భూమి లోపల పగులు మొదలైన చోటును నాభి అంటారు. దానికి సరిగ్గా పైన నేల మీదున్న చోటు అధికేంద్రం. వార్తల్లో కేంద్రం అనేది మామూలుగా ఈ రెండోదాన్నే. మనం కొలిచిన దూరమేమో నాభి దాకా ఏటవాలుగా ఉన్న దూరం. స్టేషన్‌కు సరిగ్గా కింద 50 కి.మీ. లోతులో భూకంపం పుట్టిందనుకోండి. ఎడం 6 సెకన్లు వస్తుంది, మీరు 50 కి.మీ. వృత్తం గీసేస్తారు, భూకంపం మాత్రం మీ కాళ్ల కిందే ఉంటుంది. అందుకే లోతైన భూకంపాలకు వృత్తాలు ఉండాల్సిన దానికన్నా పెద్దవై ఒకదాని మీదికి ఒకటి పాకుతాయి. అప్పుడు లోతును 10, 20, 30 అని మార్చుకుంటూ, ఏ లోతు దగ్గర వృత్తాలు సరిగ్గా కలుస్తాయో చూడాలి. కంప్యూటర్లు చేసేది కూడా ఇలాంటిదే, కాకపోతే వందల స్టేషన్లతో, క్షణాల్లో.

ఇంకో మాట. కేంద్రం అంటే పగులు మొదలైన చోటు మాత్రమే. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర మొదలైన పగులు ఉత్తరానికి సుమారు 1,300 కి.మీ. చీలుకుంటూ పోయింది. అంత పెద్ద భూకంపాన్ని మ్యాపు మీద ఒక చుక్కగా చూపిస్తే అసలు కథంతా ఆ చుక్క బయటే ఉండిపోతుంది.

4. పుట్టిన క్షణం

ఇది చిన్న పని. క నుంచి 100 కి.మీ. రావడానికి పికి 16.7 సెకన్లు పట్టింది. 10:15:20 లోంచి తీసేస్తే 10:15:03. గ, చ లతోనూ ఇదే లెక్క చేయండి. మూడూ ఒక సెకను తేడాలో కలిస్తే మీ పని బాగుంది. ఒకటి మాత్రం పెడగా ఉంటే ఆ స్టేషన్ గుర్తులు మళ్లీ చూడండి.

5. పరిమాణం లెక్కకట్టండి

ఛార్లెస్ రిక్టర్ 1935లో తన స్కేలును దక్షిణ కాలిఫోర్నియా కోసం, వుడ్-ఆండర్సన్ అనే ఒక రకం యంత్రం కోసం తయారుచేశాడు. నియమం సూటిగా ఉంటుంది: 100 కి.మీ. దూరంలో ఆ యంత్రం మీద గీత 1 మి.మీ. ఎత్తుకు లేస్తే పరిమాణం 3. 10 మి.మీ. అయితే 4. 100 మి.మీ. అయితే 5. మన క స్టేషన్ సరిగ్గా 100 కి.మీ. దూరంలోనే ఉంది. అక్కడ అతి పెద్ద ఊపు మధ్యగీత నుంచి 10 మి.మీ. ఉందనుకుంటే మన భూకంపం 4. వేరే దూరాలకు సవరణ కలపాలి, అందుకు పట్టికలున్నాయి.

ఒక అంకె పెరిగితే గీత ఎత్తు పది రెట్లు, వెలువడే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతాయి. రెండంకెలు పెరిగితే శక్తి వెయ్యి రెట్లు. "చిన్న చిన్నవి వస్తున్నాయి కదా, ఒత్తిడి పోతుంది, పెద్దది రాదులే" అని టెన్షన్ తగ్గించుకునేవాళ్లకు ఈ లెక్క చూపించండి. ఒక 7 విడుదల చేసేంత శక్తికి 4లు దాదాపు 32,000 కావాలి. అన్ని ఒకేచోట ఎక్కడా రావు.

పెద్ద భూకంపాల దగ్గర రిక్టర్ పద్ధతి తడబడుతుంది. ఎంత పెద్దదైనా అంకె పెరగకుండా ఆగిపోతుంది. అందుకే 1979లో థామస్ హ్యాంక్స్, హిరూ కనమోరి మొమెంట్ మాగ్నిట్యూడ్ తెచ్చారు. ఇందులో పగిలిన భ్రంశతలం (రాళ్లు ఒకదాని పక్కన ఒకటి జారే పగులు) వైశాల్యం, అది జారిన దూరం, రాతి గట్టిదనం మూడూ లెక్కలోకి వస్తాయి. ఇప్పుడు పెద్దవాటికి ఇచ్చే అంకెలన్నీ ఇవే. అయినా వార్తల్లో "రిక్టర్ స్కేలు" అలాగే నిలిచిపోయింది. అంతకన్నా నన్ను ఇబ్బంది పెట్టేది "రిక్టర్ స్కేలుపై తీవ్రత" అనే మాట. రిక్టర్ కొలిచింది పరిమాణం, అది ఒక భూకంపానికి ఒక్కటే. తీవ్రత అంటే ఒక్కో చోట ఎంత ఊగింది, ఏం కూలింది అనేది. అది దూరాన్ని బట్టీ, కింది మట్టిని బట్టీ ఊరూరికీ మారుతుంది, దానికి మెర్కాలి స్కేలు వేరే ఉంది. బల్బు ఎన్ని వాట్లో అది పరిమాణం, మీ పుస్తకం మీద ఎంత వెలుగు పడుతుందో అది తీవ్రత.

6. మీ చుక్కను మ్యాపు మీద పెట్టి, పక్కన ఇంకా చాలా చుక్కలు పెట్టండి

ఒక్క భూకంపం ఫలకాల గురించి ఏమీ చెప్పదు. వందల చుక్కలు చెబుతాయి. అమెరికా జియలాజికల్ సర్వే వెబ్‌సైట్‌లో ప్రపంచ భూకంపాల జాబితా ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. ఒక ఏడాదిలో 5, ఆపై పరిమాణం ఉన్నవాటిని ఎంచుకోండి, వెయ్యికి పైగా వస్తాయి. ప్రపంచపటం మీద లోతును బట్టి రంగు వేయండి: 70 కి.మీ. లోపు ఎరుపు, 70 నుంచి 300 దాకా ఆకుపచ్చ, 300 దాటితే నీలం. చేత్తో వేయలేమనుకుంటే స్ప్రెడ్‌షీట్‌లో వేయండి, కానీ ఒక వంద చుక్కలైనా చేత్తో పెడితే ఆ సంగతే వేరు.

చుక్కలు భూమంతా చల్లినట్టు పడవు, గీతలు కడతాయి. ఆ గీతలే ఫలకాల అంచులు. 1960లలో సరిగ్గా ఇదే జరిగింది. అణుపరీక్షలను పసిగట్టడానికి ప్రపంచవ్యాప్తంగా ఒకే రకం సీస్మోగ్రాఫులు (ఈ గీతలు గీసే యంత్రాలు) పెట్టారు. వాటి వల్ల భూకంప కేంద్రాలు ముందెన్నడూ లేనంత స్పష్టంగా తెలిశాయి. ఖండాలు కదులుతాయని 1912లో జర్మన్ శాస్త్రజ్ఞుడు వెగెనర్ చెప్పినప్పుడు నవ్వినవాళ్లే, ఆ మ్యాపులూ సముద్రగర్భం గురించి దొరికిన ఇతర ఆధారాలూ చూశాక ఆలోచనలో పడ్డారు.

ఇప్పుడు రంగులు చదవండి. అట్లాంటిక్ నడుమ పై నుంచి కింది దాకా సన్నని ఎర్ర దారం ఉంటుంది. అక్కడ రెండు ఫలకాలు విడిపోతున్నాయి. కింద రాయి వేడిగా, మెత్తగా ఉంటుంది కాబట్టి లోతుగా ఏదీ పగలదు. దక్షిణ అమెరికా పడమటి తీరంలో ఎరుపు, దానికి తూర్పుగా ఆకుపచ్చ, ఇంకా లోపలికి నీలం వరసగా ఉంటాయి. అక్కడ సముద్ర ఫలకం ఖండం కిందికి దిగుతోంది. యంత్రాలతో నమోదైన భూకంపాల్లో అతి పెద్దది, 1960 మే 22 నాటి 9.5, వచ్చింది ఈ తీరంలోని చిలీలోనే. హిమాలయాల దగ్గర గీత కాదు, వెడల్పాటి పట్టీ కనిపిస్తుంది. ఖండాన్ని ఖండం గుద్దుకుంటే ఏదీ తేలిగ్గా కిందికి దిగదు, నలిగేది విశాలంగా నలుగుతుంది. కాలిఫోర్నియాలో రెండు ఫలకాలు పక్కపక్కనే రాసుకుంటూ పోతాయి, చుక్కలన్నీ పైపైనే.

గీతలకు దూరంగా, ఫలకం మధ్యలో పడిన చుక్కలను తుడిచేయకండి. 1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్రలోని కిల్లారిలో వచ్చిన 6.2 అలాంటిదే. అంచుల దగ్గర తోపు ఫలకమంతా పాకుతుంది, లోపల ఎక్కడైనా పాత బలహీనమైన చోటు ఉంటే అది పగులుతుంది.

అంచు దగ్గర ఎందుకు ఉన్నట్టుండి పగులుతుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. ఫలకాలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు జరుగుతాయి, గోరు పెరిగే వేగమే. భ్రంశం దగ్గర రాపిడి వాటిని పట్టి ఉంచుతుంది, చుట్టూ ఉన్న రాయి మాత్రం విల్లులా వంగుతూ పోతుంది. ఏడాదికి 4 సెం.మీ. చొప్పున నూరేళ్లు పట్టి ఉంచితే 4 మీటర్ల బాకీ. అది ఒక్క నిమిషంలో తీరితే అదే భూకంపం. 1906లో శాన్ ఫ్రాన్సిస్కోలో కంచెలూ దారులూ కొన్నిచోట్ల మీటర్ల కొద్దీ పక్కకు జరగడం చూసి హ్యారీ ఫీల్డింగ్ రీడ్ ఈ వివరణ ఇచ్చాడు.

ఈ లెక్కతో తేదీ చెప్పబోకండి. కాలిఫోర్నియాలోని పార్క్‌ఫీల్డ్‌లో 1857 నుంచి 1966 దాకా సగటున 22 ఏళ్లకొకటి చొప్పున ఒకే రకం భూకంపాలు వచ్చాయి. తర్వాతది 1993 లోపే వస్తుందని శాస్త్రజ్ఞులు అక్కడ యంత్రాలు పెట్టుకుని కూర్చున్నారు. అది 2004 సెప్టెంబర్ 28న వచ్చింది.

7. దిగుతున్న ఫలకాన్ని గీయండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మెట్టు ఇది. జాబితాలో అక్షాంశం −22 నుంచి −18, రేఖాంశం −180 నుంచి −172 మధ్య, గత పదేళ్లలో 5, ఆపై పరిమాణం ఉన్నవాటిని అడగండి. ఇది టోంగా, ఫిజీల మధ్య ఉన్న సముద్రం. గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా రేఖాంశం, కిందికి లోతు పెట్టండి. 1 సెం.మీ. అంటే 50 కి.మీ. అనుకుంటే, అక్కడ ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 105 కి.మీ. కాబట్టి డిగ్రీకి 2.1 సెం.మీ. వస్తుంది. లోతుకు 14 సెం.మీ. చోటు వదలండి.

చుక్కలు పెట్టేముందు ఒక హెచ్చరిక. జాబితాలో చాలావాటికి లోతు సరిగ్గా 10 అనో, 35 అనో ఉంటుంది. అన్ని భూకంపాలూ అక్కడే పుట్టాయని కాదు. లోతు తేలనప్పుడు కంప్యూటర్‌కు ఇచ్చే మామూలు అంకెలవి. వాటిని వేరే గుర్తుతో పెట్టండి, లేకపోతే లేని పొరలు కనిపిస్తాయి.

మిగతావి పెడుతూ పోండి. మొదటి ఇరవై ముప్పై చుక్కల్లో ఏమీ తోచదు. తర్వాత తూర్పున టోంగా అగాధం (సముద్రం అడుగునున్న లోతైన కందకం) దగ్గర పైపైన మొదలై, పడమరకు పోయేకొద్దీ కిందికి వాలుతూ ఒక పట్టీ తయారవుతుంది. ఇలాంటి వాలును జపాన్ కింద కియూ వదాతి, తర్వాత ఇతర చోట్ల హ్యూగో బెనియోఫ్ చూపించారు, అందుకే వదాతి–బెనియోఫ్ మండలం అంటారు. చల్లగా, గట్టిగా ఉన్న పసిఫిక్ ఫలకం వేడి ప్రావారంలోకి దిగుతూ, ఇంకా పగలగలిగినంత దూరం పగులుతూ పోతోంది. మీ కాగితం మీద ఆ పట్టీ ఎక్కడ ఆగిందో స్కేలు పెట్టి చూడండి. 13, 14 సెం.మీ. మధ్యలో, అంటే 650 నుంచి 700 కి.మీ. దగ్గర, చుక్కలు అయిపోతాయి. దాని కింద కాగితం ఖాళీ.